రాజురా పోత బిల్ల

ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను యూనిఫారానికి కొలిచారు. బడి వరండాలో టైలరు టేపు పట్టుకుని అంకెలు చెబుతుంటే, కేడెట్ దళం చూసే మాస్టారు స్టూలు మీద కూర్చుని రాసుకున్నారు. "ఊపిరి పీల్చు, వదలకు" అన్నారు మరాఠీలో. పీల్చాను. నా ఛాతీ ఎంత పొంగిందో కూడా కాగితం మీదికెక్కింది. టైలరు నన్ను వదిలేసి పక్కవాడి భుజాలు కొలవడం మొదలుపెట్టేదాకా నేను ఊపిరి వదల్లేదు.

మా ఇల్లు లాల్‌పేట్‌లో, బొగ్గుగని కార్మికుల లైన్లలో ఉండేది. గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం నాన్న పని. ఆ సాయంత్రం అమ్మ ఆయన బట్టల మసి వదిలిస్తూ అడిగింది.

"అంగి, నిక్కరు అన్నీ వాల్లే ఇస్తరా?"

"అన్నీ ఇస్తరమ్మా. టోపీ, బెల్టు, బూట్లు. భుజాల మీద ఇత్తడి బిల్లలు గూడ."

"బిల్లలెందుకు?"

"ఏ దళమో చూసెటోల్లకు ఎర్క కావాలె గద."

"గవి తోమేదెవలు?"

"నేనే తోముకుంట."

అమ్మ నవ్వింది. ఇంట్లో ఒక్క గ్లాసు కూడా ఏనాడూ తోమినవాణ్ణి కాదు. కానీ ఆ బిల్లల సంగతి వేరు. రెండేళ్ళుగా ప్రతి శనివారం పెద్ద తరగతుల పిల్లల పరేడు చూస్తున్నాను. వాళ్ళంతా ఒక్కసారిగా కుడివైపు తిరిగినప్పుడు, వరసలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా భుజాల మీద ఇత్తడి మెరిసేది. ఎండ ఒక్కో బిల్ల మీదా కాలు పెట్టి దాటిపోయినట్టు ఉండేది. ఆ వరసలో నా చోటు ఎక్కడో కూడా నిర్ణయించుకున్నాను. వెనక వరస, ఎడమ నుంచి మూడోది.

అది రాష్ట్రాలు మారుతున్న ఏడాది. అప్పటికి మా ఊరు ఇంకా చాందానే. చంద్రాపూర్ అనే పేరు తర్వాత వచ్చింది. మేం మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి పోతామని, వార్ధా నది అవతల ఉన్న రాజురా హైదరాబాదు రాష్ట్రం నుంచి ఊడి ఇటే వస్తుందని గని ఆఫీసు దగ్గర పెద్దలు మాట్లాడుకునేవాళ్ళు. నాన్న మాత్రం పట్టించుకోలేదు. "ఎవల రాజ్యమైతేంది, బొగ్గు నల్లగనే ఉంటది" అనేవాడు.

నాకు మాత్రం తేడా వచ్చింది. దీపావళి సెలవులు అయ్యాక ఒకరోజు మాస్టారు మమ్మల్ని, కొలతలిచ్చిన వాళ్ళందరినీ, వరండాలోకి పిలిచారు. పై కచేరీల్లో పంపకాలు జరుగుతున్నాయనీ, ఈ ఏడు కొత్తవాళ్ళని తీసుకోరనీ, వచ్చే ఏడు చూద్దామనీ చెప్పారు. వచ్చే ఏడు కూడా అదే మాట. ఆ పై ఏడు తలుపులు తెరిచారుగాని, నాకు వయసు మీరిపోయింది. మాస్టారు రిజిస్టరు చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "నీది తప్పు కాదు" అన్నారు. ఆయన చెయ్యి ఉన్నది సరిగ్గా బిల్ల ఉండాల్సిన చోట.  

మెట్రిక్ అయ్యాక గనిలోనే, దీపాల గదిలో ఉద్యోగం దొరికింది. గనిలోకి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి టోకెను ఇచ్చి, తలకు కట్టుకునే దీపం తీసుకుపోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి టోకెను తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కొయ్యకు టోకెను ఇంకా వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ టోకెన్లు నా చేతుల మీదుగా ఎన్ని వేలసార్లు పోయాయో లెక్కలేదు. మనిషి ముట్టుకున్న ఇత్తడి ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. కొందరు జేబులో వేసుకుంటారు, వాళ్ళవి రెండువైపులా సమంగా నునుపెక్కుతాయి. కొందరు మొలతాడుకు కట్టుకుంటారు, వాళ్ళవి ఒకవైపు చెమటకు నల్లబడి, రంధ్రం ఒక పక్కకు సాగుతుంది. భయస్థుడొకడు దిగేముందు బొటనవేలితో టోకెను మీది అంకెను రుద్దుకునేవాడు. ఇరవై ఏళ్ళకు ఆ అంకె చెరిగిపోయింది. అతని మొహం చూడకుండా టోకెను చూసి పేరు చెప్పగలిగేవాణ్ణి.

మొదటి కేడెట్ బిల్ల నాకు ఆదివారం అంగట్లో, పాత ఇత్తడి కుప్పలో దొరికింది. విరిగిన గొళ్ళాలు, సొట్టపోయిన చెంబుల మధ్య బోర్లా పడివుంది. వెనకవైపు చూసే గుర్తుపట్టాను. ఇంటికి తెచ్చి, చింతపండు పెట్టి, బూడిద పెట్టి, బంగారంలా తోమాను. అది ఎంత తప్పో తెలియడానికి రెండేళ్ళు పట్టింది. అక్షరాల సందుల్లో ఎండిపోయి ఉన్న పాత పాలిషు, ఆ పిల్లవాడు పరేడు ముందురోజు ఆదరాబాదరాగా తోమి తుడవకుండా వదిలేసిన తెల్లటి పొడి, దాన్నంతా నేనే పోగొట్టాను. ఆ తర్వాత ఏ బిల్లనూ నేను తోమలేదు.

అలా మొదలై, నాగపూర్ దాకా, ఆదిలాబాద్ దాకా పోయి వెతికాను. మందుల దుకాణం వాళ్ళు పారేసిన చెక్కపెట్టెలో దూది పరిచి పెట్టుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం, నా భార్య చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పోయినప్పుడు, ఖాకీ అంగీ తొడుక్కుని రెండు భుజాలకూ బిల్లలు గుచ్చుకుని అద్దం ముందు నిలబడ్డాను. నలభై దాటిన మనిషిని, పొట్ట వచ్చినవాణ్ణి. ఊపిరి బిగబట్టి చూసుకుంటుంటే ఆమె తలుపు తోసుకుని వచ్చింది. లోపలికి పోయి చాయ్ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ అంది.

"మల్లొకసారి గిట్ల ఏసుకుంటే తలుపు గొళ్ళెం పెట్టుకో. లోకం నవ్వుతది. నేనైతే నవ్వ."

నేను బిల్లలు పోగుచేస్తానని నలుగురికీ తెలిసి, ఇంట్లో పాత సిపాయి సామాను ఉన్నవాళ్ళు నా దగ్గరికి తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. 'బిల్లల సారు' అన్నారు. నాకూ ఆ మాట ఇష్టమైంది. అచ్చుతో కొట్టిన బిల్లకు వెనకవైపు ముందు బొమ్మే గుంటగా కనిపిస్తుంది, అంచు కోసినట్టు పదునుగా ఉంటుంది. ఇసుకలో పోతపోసిన దానికి వెనక గరుకు, సన్నటి రంధ్రాలు, పైగా అసలుదానికన్నా వెంట్రుకవాసి చిన్నది. మోసగాళ్ళు ఆమ్లం పూసి నల్లబరుస్తారు, కానీ ఆ నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. నిజంగా వాడిన బిల్ల అంతటా ఒకేలా ఉండదు. ఎత్తుగా ఉన్నచోట అరుగుతుంది, పల్లంలో మురికి నిలుస్తుంది. డ్రిల్లు తుపాకి పట్టీ కుడి భుజానికి వేలాడుతుంది గనక, కుడి బిల్ల లోపలి అంచు పట్టీకి రాసుకుని చదునౌతుంది. అచ్చును దొంగిలించవచ్చుగాని అరుగును ఎవడూ తయారుచేయలేడని, వచ్చినవాళ్ళకల్లా పాఠంలా చెప్పేవాణ్ణి.

నా పెట్టెలో లేనిది ఒక్కటే. రాజురా బిల్ల. హైదరాబాదు రాష్ట్రం పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలతో భుజం మీద పెట్టుకునేది. ఆదిలాబాద్ వైపు అవే అక్షరాల బిల్లలు ఒకటి రెండు దొరికాయిగాని, రాజురా బడి పిల్లలు వేసుకున్నది దొరకలేదు. రాజురా బడిలో కేడెట్ దళం ఒక్క ఏడాదో, రెండేళ్ళో ఉందని విన్నానంతే. తాలూకా ముందు నాందేడు జిల్లాలోకి, ఆ తర్వాత చాందాలోకి చేతులు మారేసరికి ఆ కాగితాలు ఎటుపోయాయో ఎవరికీ తెలియదు. ఆ దళమే అబద్ధమని కొందరనేవాళ్ళు.

ఒక వానాకాలం ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చేసరికి, మా గుమ్మం ముందు ఒక రైతు గొడుగు ముడిచి నిలబడి ఉన్నాడు. నా ఈడువాడే. చెప్పులకు నల్లరేగడి అంటుకుని ఉంది. రాజురా దాటి, కోర్పనా దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చానన్నాడు. కూర్చోమంటే అంచున కూర్చుని, రుమాలు ముడి విప్పాడు.

"సారు, గిది జెర సూడుండ్రి."

మూడు అక్షరాలు.  అందుకుని తిప్పాను. వెనక గరుకు. గుంట బొమ్మ లేదు. రాగితీగను వంచి అతికిన కొక్కేలు. చివరి అక్షరం, డి, కొంచెం పక్కకు ఒరిగి ఉంది. నా పెట్టెలోని ఆదిలాబాద్ బిల్లల పక్కన పెట్టి చూస్తే వెంట్రుకవాసి చిన్నది.

"ఎక్కడ దొరికింది పటేలా?"

"దొరుకుడేంది సారు? నాదే. రాజురా బడిల ఏసుకున్న. మా డ్రిల్లు ఉస్తాద్ తన చేత్తోని పెట్టిండు."

 అతని భుజాలు చూశాను. నాకన్నా సన్నటి భుజాలు.

"ఇది నక్లీ" అన్నాను.

"ఆఁ?"

"అచ్చుల కొట్టింది గాదు, పోత పోసింది. సర్కారు బిల్ల గిట్ల ఉండదు. ఇగో, అసలుది గిట్ల ఉంటది." నా బిల్ల ఒకటి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని చూడలేదు. తనదాన్నే చూస్తున్నాడు.

"కాని నేను ఏసుకున్న గద సారు."

"ఏసుకున్నవేమో. ఇది మాత్రం ఎవడో ఎనుకకు తయారు చేసింది."

"ఇంట్ల ఎవ్వలు నమ్మరు సారు. రాజురాల గసుంటిది ఉండెనే లేదంటరు. మీరు ఎర్కున్నోల్లని చెప్తే వొచ్చిన. మీరు సూసి చెప్తరని."

"చూసే చెప్తున్న."

అతను బిల్లను రుమాల్లో పెట్టి, మూడు ముడులు వేశాడు. నా భార్య చాయ్ తెచ్చేసరికి వానలోకి దిగిపోయాడు. గొడుగు తెరవడం కూడా మరిచిపోయాడు.

ఆమె ఆ చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది. "గంత దూరం నుంచొచ్చిన మనిషికి గట్లనా చెప్పుడు?"

"ఉన్నది చెప్పిన."

"నువ్వు చెప్పేటప్పుడు నీ మొఖం నేను సూసిన" అంది. 

రెండేళ్ళు గడిచాయి. అప్పుడప్పుడూ ఆ ఒరిగిన డి గుర్తొచ్చేది, తోసేసేవాణ్ణి. ఒకసారి ఇంట్లో గుండిగ అడుగు చిల్లిపడితే, మా ఊరి కోటగోడ లోపలి గల్లీలో ఉన్న ముసలి కంచరి దుకాణానికి తీసుకుపోయాను. కొడుకులు స్టీలు సామాను అమ్ముతున్నారు, ఆయన మాత్రం వెనక గదిలో పాత కొలిమి పక్కన కూర్చుని మాట్లు వేస్తున్నాడు. గుండిగ వేడెక్కేదాకా మాటల్లో పడ్డాం. నేను బిల్లలు పోగుచేస్తానని విని నవ్వాడు.

"బిల్లలు నేను గూడ పోసిన బిడ్డా. బడి పోరగాండ్లకు."

"ఏ బడి, పెద్దయ్యా?"

"నది అవుతల. రాజురా. గప్పుడింక అది హైద్రాబాదే. డ్రిల్లు నేర్పే ఉస్తాద్ ఒకాయన ఉండె, పాత ఫౌజుల చేసొచ్చిన ముసలాయన. ఆయనొచ్చిండు. పైనుంచి యూనిఫారాలొచ్చినయి గాని బిల్లలు రాలేవు, రాజ్యం మారుతున్నది ఇగ రావు, పోరగాండ్లు ఒట్టి భుజాలతోని ఎట్ల నిలవడతరు అన్నడు. ఆదిలాబాద్ల ఎవలదో ఒక బిల్ల అడుక్కొచ్చిండు. దాన్ని ఇసుకల ఒత్తి పోసిచ్చిన."

నేను ముందుకు వంగాను. "ఇత్తడి?"

"గదే నవ్వొస్తది. ఇత్తడి ఏడ తెస్తడు ముసలాయన? ఇంట్లున్న పీక్‌దాన్, గదే ఉమ్మితొట్టి, పట్టుకొచ్చిండు. వాల్ల అయ్య కాలపుదట, ఇంత ఉండె. తమలపాకుల ఉమ్ము గీకి గీకి కడిగి కరిగిచ్చిన." నవ్వి నవ్వి ఆయనకు దగ్గు వచ్చింది. "ఒక్కటే కసరు వడ్డది. ఇసుక జారి ఆఖరి అక్షరం వంకర పోయింది. మల్ల పోస్తనంటే ఉస్తాద్ ఇనలే. పరేడుకు టైం లేదు, వంకరున్నా మెరుస్తది గద అన్నడు."

గుండిగ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. గల్లీలో ఒక అరుగు మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ బిల్ల మొత్తం కనిపించింది. అక్షరాల ఎత్తులు అరిగిపోయి ఉండటం చూశాను. సందుల్లో తెల్లటి పాలిషు పొడి చూశాను. లోపలి అంచు, తుపాకి పట్టీ రాసుకునే చోట, చదునుగా ఉండటం చూశాను. అన్నీ చూశాను. అరుగును ఎవడూ తయారుచేయలేడని ఊరందరికీ చెప్పినవాణ్ణి, ఆ ఒక్క రోజు దాన్ని చూడదలుచుకోలేదు. నాకు దక్కనిది అతనికి దక్కిందనే కడుపుమంట తప్ప వేరే కారణమేమీ లేదు.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. నా భార్య "పొయ్యి చెప్పు మరి" అంది.

పేరు తెలియదు, ఊరు తెలియదు. రాజురా బస్టాండు దగ్గర చాయ్ దుకాణాల్లో అడిగాను. కేడెట్ అంటే ఎవరికీ అర్థం కాలేదు. రెండు ఆదివారాలు ఊరికే తిరిగి వచ్చాను. మూడో ఆదివారం సంతలో, మిరపకాయలు అమ్మే ఒకామె నా మాటలు విని, "బడి పోరగాండ్లను పంద్రాగస్టుకు నిలవెట్టే ముసలాయననా? లెఫ్ట్ రైట్ పటేలు? మా ఊరే" అంది. ఆమె చెప్పిన బస్సెక్కాను.

పత్తి ఏరే కాలం. అతను చేను గట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. వెంటనే గుర్తుపట్టాడు. నేనేమీ మొదలుపెట్టకముందే కోడల్ని నీళ్ళు తెమ్మన్నాడు.

"పటేలా, నేను తప్పు చెప్పిన" అన్నాను. "నీ బిల్ల నక్లీ గాదు."

అతను గోనెసంచి మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

"ఒక్కసారి మల్ల సూపిస్తవా?"

"లేదు సారు."

"నామీద కోపమున్నది, ఎర్కే."

"కోపం గాదు. బిల్లనే లేదు." కోడలు తెచ్చిన చెంబు నా చేతికిచ్చాడు. "పాత ఇత్తడి ఇచ్చి కొత్త చెంబు తీసుకున్నం, పోయినేడు. గది గూడ దాంట్లనే ఏసిన. నక్లీదాన్ని ఇంట్ల వెట్టుకొని ఏం జేసుడు అనుకున్న."

నీళ్ళు తాగలేకపోయాను. అతను చేను వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్తే నమ్మిన. బిల్ల పోతే పోనీ. గాని నాకు నా మీదనే అనుమానమొచ్చింది అన్నా. నేను అసలు గా పరేడు చేసిన్నా? ఉస్తాద్ ఉండెనా? ఇంట్లోల్లు చెప్పినట్టు ఊకె మనసుల అనుకుంటున్ననా? రెండేండ్లసంది గదే ఆలోచన. పంద్రాగస్టుకు పోరగాండ్లను నిలవెట్టుడు గూడ బందు చేసిన."

మొదట 'సారు' అన్నవాడు 'అన్నా' అన్నాడు. అది గమనించాక నాకు ఏడుపు ఆగలేదు. తుడుచుకుని, కంచరి చెప్పినదంతా మొదటి నుంచి చెప్పాను. ఉస్తాద్ నది దాటి రావడం, పైనుంచి బిల్లలు రాకపోవడం, ఆదిలాబాద్ నుంచి ఒకటి అడుక్కొచ్చి ఇసుకలో ఒత్తించడం. అతను నా మోకాలు పట్టుకున్నాడు.

"పైనుంచొచ్చినయనే చెప్పిండు మాకు. సర్కారు పంపింది, పోగొట్టుకుంటే తోలు తీస్త అన్నడు."

"సర్కారు గాదు. ఆయనే."

"ఇత్తడి ఏడిది మరి?"

చెప్పనా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. "ఆయన ఇంట్ల పీక్‌దాన్ కరిగిచ్చిండట."

అతను నన్ను చూశాడు.  ఏడుస్తాడనుకున్నాను. పెద్దగా నవ్వాడు. పత్తి ఏరే ఆడవాళ్ళు తలెత్తి చూశారు. "పీక్‌దాన్! ఓ ఉస్తాద్! మేమేమో గా బిల్లను ముద్దు వెట్టుకొని దిండు కింద పెట్టుకునేటోల్లం!" నవ్వుతూనే తువ్వాలతో మొహం దాచుకున్నాడు. ఆ తువ్వాల వెనక ఎంతసేపు నవ్వాడో, ఎంతసేపు ఏడ్చాడో నేను చెప్పలేను.

తర్వాత నా సంగతి అడిగాడు. "నువ్వు ఏ దళం అన్నా?"

"నేను చెయ్యలే. కొలతలు తీసుకున్నరు. గా ఏడే రాజ్యం మారింది."

అతను నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. పెట్టెడు బిల్లలున్న మనిషి ఒక్కరోజు కూడా వరసలో నిలబడలేదనేది అతనికి ఎంతకీ మింగుడుపడలేదు. "ఒక్కనాడు గూడ?" అని రెండుసార్లు అడిగాడు. లేచి, తువ్వాల తలకు చుట్టి, "లే" అన్నాడు. గట్టు మీద నన్ను నిలబెట్టాడు. నా పాదాల మధ్య ఎడాన్ని తన చేతికర్రతో సరిచేశాడు. "ఛాతీ ముందుకు. సూపు దూరం. చేతులు గట్ల బిగవట్టొద్దు, చీమను పట్టుకున్నట్టు పట్టుకోవాలె అని ఉస్తాద్ చెప్పేటోడు." తను నా పక్కన నిలబడ్డాడు. ఉస్తాద్ గొంతులో కాబోలు, ఉర్దూ యాసతో ఒక కేక వేశాడు. ఇద్దరం కుడివైపు తిరిగాం. నేను తూలాను, అతను నా మోచేయి పట్టుకున్నాడు. మా ఎదురుగా పత్తిచేను, దాని వెనక దూరంగా నది ఒడ్డు చెట్లు. ఒక ఆడమనిషి పక్కామెతో ఏదో అని కిసుక్కున నవ్వింది. మేం పట్టించుకోలేదు.

అతని ఇంట్లో జొన్నరొట్టె తిన్నాక నేనొక మాటన్నాను. బిల్ల తిరిగి తేలేను గాని, నేను చూసింది రాసి సంతకం పెట్టగలను.

"ఏ భాషల రాస్తవు?"

"నీకు ఏది కావాలె?"

"తెలుగుల రాయి. గప్పుడు మా బడి తెలుగే."

నా చదువంతా మరాఠీ. చర్చిలో పాటల పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు తప్ప నాకు వేరే రాదు. అయినా రాశాను. రాజురా బడి కేడెట్ దళం బిల్లను నా కళ్ళతో చూశానని, అది పోత పోసిందని, ఆ ఏడాది పిల్లల కోసం వాళ్ళ ఉస్తాద్ చేయించినదని, ఈయన దాన్ని భుజాన పెట్టుకుని నిజంగా పరేడు చేసినట్టు దాని అరుగే చెబుతుందని, మొదట అబద్ధమని చెప్పింది నేనేనని, అది నా తప్పని. అతను కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ, ఒక్కో అక్షరం పైకి చదివాడు. సగంలో ఆగాడు.

"దళంల 'ళ' గాదా అన్నా? నువ్వు 'ల' రాసినవు."

దిద్దాను. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి పోయి, మళ్ళీ చదివాడు. అతని కొడుకూ కోడలూ గుమ్మంలో నిలబడి వింటున్నారు. కొడుకు కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి, తిరిగి ఇచ్చేశాడు.

"వీల్లకు గిది రాదు" అన్నాడు పటేలు. "మరాఠీల గూడ ఒకటి రాయి."

రాశాను. అది తొందరగానే అయిపోయింది, ఒక్క తప్పు కూడా లేదు. అతను దాన్ని చదవబోలేదు. మడిచి కోడలికిచ్చాడు. తెలుగు కాగితం మాత్రం అంగీ జేబులో పెట్టుకుని, బస్సు దాకా నాతో నడిచాడు.